ఎర కాని ప్రేమ

క్రైస్తవ విశ్వాసాన్ని ఇతరులతో పంచుకోవడమంటే మైదానంలో వేదిక కట్టి, మైకు పెట్టి, దూరం నుంచి పేరున్న ప్రసంగీకుణ్ణి పిలిపించి, చివరి రాత్రి ఎందరు చేతులెత్తారో లెక్క రాసుకోవడమే అన్న అభిప్రాయం తెలుగు సంఘాల్లో బలంగా నాటుకుపోయింది. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల పట్టణాల సంఘాలూ దీనికి అతీతం కావు. ఉజ్జీవ సభలు, అంటే చల్లారిన విశ్వాసాన్ని రగిలించడానికని వరుసగా కొన్ని రాత్రులు జరిపే బహిరంగ కూడికలు, సంఘ జీవితంలో ఏడాదికొకసారి వచ్చే పెద్ద పండుగగా మారాయి. పక్కింటివారి కష్టసుఖాల్లో పాలుపంచుకోవడం, పనిచేసే చోట నమ్మకంగా మెలగడం, చావు జరిగిన ఇంట్లో పదిరోజులు ఉండి వండిపెట్టడం వంటివి మంచి పనులే గాని సువార్త మాత్రం కావన్న విభజన విశ్వాసుల మనసుల్లో స్థిరపడింది. ఈ విభజన తప్పు. ఈ నేల మీద క్రైస్తవ విశ్వాసం నడిచివచ్చిన దారిని అది తలకిందులు చేసి చూపుతోంది.

ఈ అభిప్రాయానికి ఈమధ్య ఒక మెత్తని రూపం కూడా వచ్చింది. సభలంటే విసుగు పుట్టినవారు 'స్నేహ సువార్త' అన్న మాటను ముందుకు తెచ్చారు. పరిచయాల ద్వారా, ఇరుగుపొరుగు రాకపోకల ద్వారా విశ్వాసాన్ని తెలియజేయడం అని దాని అర్థం కనుక మాటలో దోషం లేదు. కానీ ఫలానా ఐదుగురితో స్నేహం పెంచుకోవాలి, ఫలానా నెలలోగా ప్రార్థనకు పిలవాలి, రానివారిని వదిలి మరొకరిని వెతకాలి అనే కార్యక్రమంగా అది మారిన నాడు వేదిక మీది లెక్కల పుస్తకమే ఇంటి గుమ్మంలోకి వచ్చి కూర్చుంటుంది. ఎర వేసేవాడు చేప ఆకలి తీర్చడానికి వేయడు. పిండి ఎంత మెత్తగా కలిపినా లోపల గాలం ఉన్నంతకాలం అది ఎరే, దానికి స్నేహమని పేరు పెట్టినంత మాత్రాన స్వభావం మారదు.

సంఘాల్లో వాడుకలో ఉన్న మాటలే ఈ ఆలోచనను బయటపెడతాయి. ఆత్మల సంపాదన, ఆత్మల పంట, వల వేయడం అనే మాటల్లో సంపాదించేవాడు, కోసేవాడు, పట్టేవాడు ఒకడు; ఎదుటి మనిషి సంపాదనగానో పంటగానో చేపగానో మిగిలిపోతాడు. యేసు గలిలయ సరస్సు ఒడ్డున జాలరులను పిలిచి, మనుషులను పట్టే జాలరులుగా చేస్తానన్నది నిజమే. అయితే అది వలలు వదిలి రమ్మన్న పిలుపులోని మాట, వాళ్ల వృత్తి భాషలో వాళ్లకు అర్థమయ్యేలా అన్న మాట. దాన్ని పట్టుకుని పొరుగువాణ్ణి వేటగా చూడటానికి ఆయన నడవడిలో ఎక్కడా ఆధారం దొరకదు. విశ్వాసాన్ని చాటడం గురించి కొత్త నిబంధన తరచుగా వాడే గ్రీకు మాట 'మార్తురియా'. సాక్ష్యం అని దాని అర్థం. సాక్షి తాను చూసింది, తనకు తెలిసింది చెప్పేవాడే తప్ప తీర్పు ఇచ్చేవాడు కాదు, తీర్పు ఎటు వచ్చినా అతను చెప్పిన నిజానికి విలువ తగ్గదు. ఈ ఒక్క మాటను సరిగా అర్థం చేసుకున్న సంఘానికి చేతులెత్తినవారి లెక్కతో పని ఉండదు.

లెక్కలను నమ్మేవారు తెలుగు నేల చరిత్రలోంచి ముందుగా ఎత్తే సంఖ్య 2,222. 1878 జూలై 3న ఒంగోలు ప్రాంతంలోని వెల్లంపల్లి దగ్గర, గుండ్లకమ్మ ఏటిలో, అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ ఎవరెట్ క్లౌ ఆధ్వర్యంలో ఒక్కరోజే అంతమంది బాప్తిస్మం పొందారు. జనసమూహాల సువార్తకు ఇంతకంటే గొప్ప నిదర్శనం ఏముందని అడగడం ప్రసంగీకులకు అలవాటు. ఆ రోజు ఎలా వచ్చిందో చూస్తే మాత్రం వాదం అడ్డం తిరుగుతుంది. దానికి సుమారు పన్నెండేళ్ల ముందు, తోళ్ల వ్యాపారం చేసుకునే యర్రగుంట్ల పేరయ్య అనే మాదిగ సాధకుడు, అప్పటికే గురువుల దగ్గర యోగమార్గం అభ్యసించినవాడు, వ్యాపారం పని మీద ఉత్తరం వైపు వెళ్లినప్పుడు క్రీస్తు సంగతి విని, తిరిగివచ్చి బాప్తిస్మం పొందాడు. తరువాత అతను తాళ్లకొండపాడు చుట్టుపక్కల తన బంధువర్గం ఉన్న ఊళ్లలో, తోళ్ల బేరానికి తిరిగిన దారుల్లోనే, వియ్యపువారి ఇళ్లలో కూర్చుని, తనకు తెలిసింది చెప్పుకుంటూ పోయాడు. క్లౌ భార్య ఎమ్మా రౌషెన్‌బుష్ క్లౌ 1899లో ప్రచురించిన, ఆంగ్ల శీర్షికలో చెప్పులు కుట్టడాన్ని పేర్కొన్న పుస్తకం ఈ బంధుత్వాల కథనాన్నే నమోదు చేసింది. విశ్వాసం పాకింది చుట్టరికాల వెంట. గుండ్లకమ్మ ఒడ్డున కనిపించిన జనం ఆ వ్యాప్తిలో పైకి తేలిన భాగం మాత్రమే.

రెండో సంగతి మరింత ముఖ్యమైనది. 1876 నుంచి 1878 వరకు దక్షిణ భారతాన్ని పీడించిన కరువులో క్లౌ బకింగ్‌హాం కాలువ తవ్వకంలో ఒక భాగాన్ని కాంట్రాక్టుకు తీసుకుని, ఆకలితో ఉన్నవారికి కూలి ఇప్పించాడు. ఆ పనిలో చేరినవారిలో వేలమంది బాప్తిస్మం కోరగా, కరువు సాయం సాగినంతకాలం, అంటే ఏడాదికి పైగా, అతను బాప్తిస్మం ఇవ్వడానికి నిరాకరించాడు. గింజకూ నీటికీ ముడిపడకూడదన్నదే ఆ నిరాకరణకు కారణం. కృతజ్ఞత అనేది ఆ జనంలో లేదని ఎవరూ అనలేరు, ఆకలి తీర్చినవారి మీద కృతజ్ఞత కలగడం మనిషి సహజ గుణం. కానీ లెక్క పెంచుకునే అవకాశం చేతిలో ఉండి కూడా దాన్ని ఏడాదిపాటు తోసిపుచ్చిన మనిషి పేరు చెప్పి లెక్కలను సమర్థించడం విడ్డూరం. 2,222ను గోడల మీద రాసేవారు ఆ ఏడాదిని కూడా రాయాలి.

ఇదే విషయాన్ని మరో వైపు నుంచి చెప్పినవాడు వేదనాయగం శామ్యూల్ అజరయ్య. తిరునెల్వేలి తమిళుడైన అజరయ్య 1909లో నిజాం రాజ్యంలోని డోర్నకల్‌కు మిషనరీగా వచ్చి, తెలుగు నేర్చుకుని, 1912 డిసెంబరు 29న ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్పుగా అభిషేకం పొందాడు. అంతకు రెండేళ్ల ముందు, 1910లో, ఎడిన్‌బరోలో జరిగిన ప్రపంచ మిషనరీ మహాసభలో అతను చేసిన ప్రసంగం సభలో చాలామందికి నచ్చలేదు. మిషనరీల త్యాగాన్ని, వాళ్లు పంచిన ఆస్తిని, అర్పించిన ప్రాణాలను తక్కువ చేయకుండానే, వాటన్నిటితో పాటు ఇంకొకటి కావాలని, తమకు కావలసింది స్నేహితులని అతను ముగించాడు. ఆ మాట విశ్వాసంలోకి అప్పటికే వచ్చినవారి నోటి నుంచి వచ్చిందన్నది గమనించవలసిన సంగతి. సువార్త విన్నారు, బాప్తిస్మం పొందారు, సంఘాలు నడుపుతున్నారు. అయినా సువార్త తెచ్చినవారి భోజనాల బల్ల దగ్గర తమకు చోటు లేదు. ప్రకటన పూర్తయి, ప్రేమ అందకపోతే మిగిలేది ఇలాంటి అర్ధాకలేనని ఆ ప్రసంగం తేల్చింది.

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ఉన్న పాత కరీంనగర్ జిల్లా ఒకప్పుడు వెస్లియన్ మెథడిస్టు మిషన్ పనిచేసిన ప్రాంతం. 1947 సెప్టెంబరు 27న ఏర్పడిన దక్షిణ ఇండియా సంఘంలో ఆ మిషన్ సంఘాలు కలిసిపోయాయి. 1978లో కరీంనగర్ ఒక ప్రత్యేక డయాసిస్, అంటే ఒక బిషప్పు పర్యవేక్షణలోని సంఘాల మండలం అయింది. ఆ మిషన్ వారసత్వంలో మెదక్ చర్చి శిఖరాన్నే అందరూ చూస్తారు గాని, జగిత్యాలకు పొరుగు జిల్లా అయిన నిజామాబాద్‌లోని డిచ్‌పల్లి వైపు చూపు పోవడం తక్కువ. స్కాట్లండ్ నుంచి వచ్చిన డాక్టర్ ఇసబెల్ కెర్, ఆమె భర్త జార్జి కెర్ అక్కడ కుష్ఠు రోగుల కోసం ఆసుపత్రి నెలకొల్పారు. ఊరి పొలిమేరల్లోకి కూడా రానివ్వని మనుషులకు అక్కడ మంచం, మందు, చేతిపని దొరికాయి. దాని నిర్మాణానికి పెద్ద మొత్తం విరాళం ఇచ్చినవాడు రాజా నర్సాగౌడ్ అనే హిందూ దాత. ఆయన మతం మార్చుకోవాలన్న షరతు విరాళం పుచ్చుకున్నవారు పెట్టలేదు, ఆయన ఇచ్చినదానికి రోగులు హిందువులుగా ఉండాలన్న షరతు ఆయనా పెట్టలేదు. ఏ సభల నివేదికలోనూ ఏ వరుసలోనూ ఇమడని ఈ సంబంధం సువార్తకు బయట ఉందని అనగలవారు మంచి సమరయుని ఉపమానాన్ని మళ్లీ చదవాలి. దెబ్బలు తిని దారిలో పడివున్నవాణ్ణి సత్రానికి మోసుకుపోయిన ఆ సమరయుడు అతని మతం అడగలేదు, తన మతం చెప్పలేదు. అయినా నిత్యజీవం గురించిన ప్రశ్నకు యేసు ఇచ్చిన జవాబు ఆ కథే.

ఈ ప్రాంతపు సమాజ చరిత్ర తెలిసినవారికి షరతులతో కూడిన మేలు ఎందుకంత చేదుగా తగులుతుందో విడమరచి చెప్పనక్కరలేదు. 1978 సెప్టెంబరు 7న జగిత్యాలలో జైత్రయాత్ర పేరుతో రైతుకూలీలు కదిలిన కాలానికి, ఆ ఏడాదే జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించిన కాలానికి, వెనుక తరతరాల వెట్టి ఉంది. వెట్టి అంటే కూలి లేకుండా దొర ఇంటికి చేయవలసిన చాకిరి. అది చాలాసార్లు ఒక ఉపకారంతో, పెళ్లికి ఇచ్చిన అప్పుతోనో కరువులో ఇచ్చిన గింజలతోనో మొదలై, తండ్రి నుంచి కొడుకుకు దిగేది. దొర గడీ మెట్ల మీద దొరికిన ప్రతి మేలు వెనుకా ఒక చిట్టా ఉంటుందని నేర్చుకున్న మనుషుల మనవళ్ల దగ్గరికి వెళ్లి, బియ్యం మూట ఇచ్చి, ఆదివారం రమ్మని పిలవడమంటే వారి జ్ఞాపకంలోని ఏ గాయాన్ని తాకుతున్నామో తెలియకపోవడం. వెట్టి నుంచి విడిపించే దేవుణ్ణి ప్రకటించవలసినవారు కొత్త చిట్టా తెరవడం వేదాంతపరంగానూ తప్పే, చరిత్రపరంగానూ తప్పే.

ఇక్కడ సంఘం వెలుపలి నుంచి వినిపించే ఆరోపణకు కూడా జవాబు చెప్పాలి. క్రైస్తవుల ప్రేమ అంతా మతమార్పిడికి వేసిన ఎర అని, పేదలు లాభం కోసమే వెళతారని ఆరోపణ. ఎర వేసేవారు లేరని చెప్పలేం కనుకనే పై మాటలన్నీ రాయవలసి వచ్చింది. కానీ లాభం కోసం అన్న మాట మాత్రం లెక్కకు నిలవదు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం షెడ్యూల్డ్ కులాల హోదా మొదట హిందువులకే పరిమితమైంది. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు వర్తింపజేశారు గాని క్రైస్తవులకు ఇప్పటికీ లేదు. షెడ్యూల్డ్ కులం నుంచి క్రైస్తవంలోకి వచ్చిన కుటుంబం తెలుగు రాష్ట్రాల్లో వెనుకబడిన తరగతుల సి విభాగంలోకి, 1 శాతం రిజర్వేషన్‌లోకి వెళుతుంది. చదువులో, కొలువులో ఇంత నష్టపోయి చేరేవారిని కొనుక్కున్నారనడం కూడికలు తీసివేతలు రానివారి మాట. జనాభా లెక్కల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ క్రైస్తవుల వాటా 1971లో 4.19 శాతం ఉండగా 2011లో 1.34 శాతంగా నమోదు కావడానికి ఈ ఉత్తర్వు భయం కూడా ఒక కారణమని చాలామంది పరిశీలకులు చెబుతారు. వేదికలు పెరిగిన దశాబ్దాల్లోనే కాగితం మీద విశ్వాసులు తగ్గారన్న సంగతి సభల నిర్వాహకులను కూడా ఒక్కసారి ఆగి ఆలోచించేలా చేయవలసింది.

చట్టం మాట కూడా కొంత ఉంది. రాజ్యాంగం 25వ అధికరణం మతాన్ని అనుసరించే హక్కుతో పాటు ప్రచారం చేసుకునే హక్కునూ ఇచ్చింది. అయితే ప్రచార హక్కులో ఇతరులను మతం మార్చే హక్కు లేదని 1977లో సుప్రీంకోర్టు స్టానిస్లాస్ కేసులో తీర్పు చెప్పింది. ఆ తీర్పు మీద విమర్శలు చాలానే ఉన్నాయి. కాని క్రైస్తవ వేదాంతం తనంతట తాను ఒప్పుకోవలసిన మాట ఒకటి అందులో ఉంది: మనిషిని మార్చడం మనిషి చేతిలో లేదు. మార్పు దేవుని ఆత్మ పని అని ప్రతి ఆదివారం ఒప్పుకునేవారు సోమవారం నుంచి దాన్ని తమ నెలవారీ లక్ష్యంగా పెట్టుకోవడం అర్థం కాని విషయం.

ప్రేమ ఒక్కటే చాలు, మాట అక్కర్లేదనే వాదం ఇంకొకటి ఉంది. దాన్ని మర్యాదగానైనా తోసిపుచ్చాలి. గులాబీ తన పరిమళం గురించి ఉపన్యాసం చెప్పదు కదా, క్రైస్తవులూ అలాగే ఉండాలని 1930లలో గాంధీ పదేపదే అన్నాడు. అజరయ్యకూ గాంధీకీ అప్పట్లో జరిగిన వివాదం ఈ చోటే ముడిపడి ఉంది. పోలిక అందమైనదే. అయితే గులాబీకి స్నేహితులు ఉండరు. మనుషుల మధ్య దగ్గరితనం పెరిగేకొద్దీ ఒకరి గుండెలో ఉన్నది మరొకరికి తెలియడం సహజం. తన బతుకును నిలబెట్టిన విశ్వాసాన్ని ఇరవై ఏళ్ల స్నేహితుడికి కూడా చెప్పకుండా దాచిపెట్టడం వినయం అనిపించుకోదు, అది ఒక రకమైన దూరం. పైగా అంటరానితనం కింద నలిగినవారికి తమ దేవుణ్ణి తామే ఎంచుకునే హక్కు ఉందన్న అజరయ్య మాటను గులాబీ పోలిక తాకనే తాకదు. మాట ఉండాలి. అడిగినవారికి, అడగగలిగేంత దగ్గరైనవారికి, మృదువుగా చెప్పాలి. పేతురు మొదటి పత్రిక విశ్వాసులకు చెప్పిన పద్ధతి కూడా ఇంచుమించు ఇదే.

ఆ దగ్గరితనం ఈ మూడు పట్టణాల్లో ఎక్కడ పుడుతుందో చూస్తే వేదిక ఎంత చిన్నదో తెలుస్తుంది. కోరుట్ల, జగిత్యాల వాడల్లో మధ్యాహ్నం పూట అరుగుల మీద ఒళ్లో చాట పెట్టుకుని బీడీలు చుట్టే స్త్రీల గుంపులు కనిపిస్తాయి. తునికాకు కత్తిరిస్తూ, దారం చుడుతూ, కార్ఖానాలో కట్టలు అప్పగించే వేళ దాకా సాగే ఆ ముచ్చట్లలో పద్మశాలి అక్క, ముస్లిం చెల్లె, మాల మాదిగ ఇళ్ల వదినలు అందరి బతుకులూ తెరిచిన పుస్తకాలే. ఎవరి ఇంట్లో ఎవరు తాగి కొడుతున్నారో, ఎవరి బిడ్డ పెళ్లి ఎందుకు ఆగిందో అక్కడ అందరికీ తెలుసు. ఆ గుంపులో ఒక విశ్వాసి తన కోపాన్ని ఎలా అణచుకుంటుందో, ఎవరి గురించి చాటుమాటుగా మాట్లాడకుండా ఎలా ఉంటుందో మిగతావారు ఏళ్ల తరబడి చూస్తారు. సిరిసిల్లలో సాంచాల (మరమగ్గాల) మోతలో, ఆసామికీ కార్మికుడికీ మధ్య, కూలి బాకీల మధ్య జరిగేది కూడా ఇదే. 1990ల చివరి నుంచి నేత కార్మికుల ఆత్మహత్యలు ఆ పట్టణాన్ని కుదిపినప్పుడు, చనిపోయినవాడి ఇంటికి ఏడో రోజు తరువాత కూడా ఎవరు వెళ్లారన్నదే నిజమైన ప్రశ్న. బొంబాయి, బొగ్గుబాయి, దుబాయి అని మూడు మాటల్లో తన చరిత్ర చెప్పుకునే ప్రాంతమిది. వీసా గడువు దాటి, పాస్‌పోర్టు లేక, గల్ఫ్‌లో 'ఖల్లివల్లి'గా, అంటే కాగితాల్లేని మనిషిగా తిరుగుతున్న కొడుకు గురించి ఫోను కోసం ఎదురుచూసే తల్లి పక్కన కూర్చోవడం, శంషాబాద్ విమానాశ్రయానికి శవపేటిక వచ్చిన రాత్రి అంబులెన్సు వెంట వెళ్లడం, అప్పు పత్రం పట్టుకుని వచ్చిన ఏజెంటుతో మాట్లాడటం ఏ ప్రసంగీకుడి పర్యటనలోనూ ఇమడవు. అతను మర్నాటి రైలుకే వెళ్లిపోతాడు.

వేములవాడ రాజన్న గుడి ఆవరణలో దర్గా ఉన్న నేల ఇది. పక్కవారి భక్తిని దగ్గరి నుంచి చూస్తూ, మొక్కులు మొక్కుతూ బతికిన జనానికి వేదిక మీది నుంచి వాళ్ల దేవుళ్లను తిట్టే గొంతు వినిపిస్తే, మర్నాడు ఆ అరుగు మీద కూర్చునే విశ్వాసి పదేళ్లలో సంపాదించుకున్న నమ్మకం ఒక్క రాత్రిలో కరిగిపోతుంది. సభలు ఖర్చుతో కూడినవనే విమర్శ కంటే ఇది పెద్ద విమర్శ.

పెంతెకొస్తు నాడు పేతురు ప్రసంగానికి మూడువేలమంది చేరారు కదా అని అడిగేవారు ఉంటారు. అపొస్తలుల కార్యముల రెండో అధ్యాయం ఆ సంఖ్య దగ్గర ఆగిపోదు. ఇంటింటా కలిసి రొట్టె విరవడం, ఆస్తులు అమ్మి అవసరమున్నవారికి పంచడం దాకా సాగుతుంది. ప్రసంగం చేసిన పేతురు వెంటనే వెళ్లిపోకుండా ఆ యెరూషలేములోనే వాళ్ల మధ్య ఉన్నాడు. సమయం లేదు, ఆత్మలు నశించిపోతున్నాయి, సంబంధాలు చాలా నెమ్మది అన్న వాదం కూడా తరచుగా వినిపిస్తుంది. పేరయ్యకు పన్నెండేళ్లు పట్టింది. నిజానికి తొందరపడి చేర్చుకుని తరువాత వదిలేయడమే ఖరీదైన దారి. 1933లో జె. వాస్కమ్ పికెట్ ప్రచురించిన భారతీయ సామూహిక ఉద్యమాల అధ్యయనం, విశ్వాసంలోకి వచ్చేటప్పటి కారణం కంటే తరువాత అందిన బోధన, సంరక్షణే క్రైస్తవ జీవితాన్ని నిర్ణయించాయని చూపింది.

శంషాబాద్‌లో పుట్టి, మహబూబ్‌నగర్ పల్లెలను అధ్యయనం చేసిన మానవశాస్త్రవేత్త పాల్ హీబర్ట్ 1978లో రాసిన ఒక వ్యాసంలో పాపయ్య అనే చదువురాని తెలుగు రైతును ఊహించాడు: ఒక్కసారి సువార్త విన్న పాపయ్య క్రైస్తవుడు కాగలడా? క్రైస్తవమంటే ఒక గీత అని, దాన్ని దాటినవారు లోపల, దాటనివారు బయట అని అనుకుంటే ఈ ప్రశ్నకు జవాబు దొరకదు. ఒక కేంద్రం వైపు మనిషి ముఖం తిరిగిందా, అడుగు అటు పడుతోందా అని చూస్తే దొరుకుతుంది. చేతులెత్తించే పద్ధతికి గీత తప్ప మరొకటి కనబడదు. అరుగు మీద కూర్చున్న మనిషికే ఎవరి అడుగు ఎటు పడుతోందో కనిపిస్తుంది.

ప్రేమ ఎరా కాదా అన్నది తేలేది ఎదుటివారు ఒప్పుకున్న రోజున కాదు, వద్దన్న మర్నాడు. మార్కు సువార్త పదో అధ్యాయంలో ఆస్తిపరుడైన ఒక మనిషి యేసు దగ్గరికి వచ్చి, ఆయన అడిగింది చేయలేక, ముఖం చిన్నబుచ్చుకుని వెళ్లిపోతాడు. యేసు అతణ్ణి చూసి ప్రేమించాడని సువార్తికుడు ప్రత్యేకంగా రాశాడు. వెనక్కి పిలిచి షరతు తగ్గించలేదు, వెంటపడలేదు, ప్రేమను వెనక్కి తీసుకున్నట్టూ రాయలేదు. ఆ మనిషి తరువాత ఏమయ్యాడో సువార్త చెప్పదు.

కనుక జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల సంఘాల పెద్దలకు, అయ్యగార్లకు ఒక విన్నపం. వచ్చే ఏటి సభల తేదీలు ఖాయం చేసేముందు పోయిన ఏటి నివేదిక తీసి, చేతులెత్తినవారి పేర్ల పక్కన ఇంకో వరుస గీయండి. వాళ్ల ఇళ్లకు సంఘంలోని ఎవరు, ఏ కష్టంలో, ఎన్నిసార్లు వెళ్లారో అందులో రాయండి. ఆ తరువాత, పిలిచినా రానన్నవారి పేర్లు కూడా రాసి, వాళ్ల ఇళ్లకు ఎవరు వెళ్లారో చూడండి.